మేడారం మట్టికీ మార్కులు వేయండి

రెండేళ్లకోసారి మాఘమాసంలో ములుగు జిల్లా మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు కోటిమందికి పైగా జనం తరలివస్తారు. వాళ్ల కోసం రోడ్లు వెడల్పు చేస్తారు, కల్వర్టులు కడతారు, జంపన్న వాగు ఒడ్డున స్నానఘట్టాలు కడతారు, కోత అయిన పొలాలను చదును చేసి పార్కింగుకు ఇస్తారు. 2026 జాతరకైతే దేవతల గద్దెల ప్రాంగణాన్నే రాతితో కొత్తగా కట్టారు. ఖర్చెంత, గడువులోగా అయిందా అని అందరం అడుగుతాం. ఆ పనుల కింద నేల ఏమైందని మాత్రం అడగం. అడగాలి. అందుకు మార్కుల పద్ధతి కావాలి.

ఈ నేల గురించి ఏడాదిన్నర తిరక్కుండానే మూడు హెచ్చరికలు వచ్చాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. జంపన్న వాగు పొంగి కొండాయిలో 8 మందిని పొట్టనబెట్టుకుంది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేల చెట్లు కూలాయి. వేర్లు లోతుకు దిగలేదు, పళ్లెంలా పక్కలకు పరుచుకున్నాయి. పైన ఉన్న మట్టి అంత పలచన. అదే ఏడాది డిసెంబర్ 4 ఉదయం 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. కేంద్రం ములుగు జిల్లాలోనే.

ఇలాంటి చోట పొక్లెయిన్ ముందుగా చేసే పని ఆ పలచని పైమట్టిని గీకేయడం. అది మొరంతోనూ కంకరతోనూ కలిసి రోడ్డు పక్కన కుప్పగా పడి ఉంటుంది. తొలకరికి కరిగి వాగులోకి పోతుంది. అడుగు మందం మట్టి తయారు కావడానికి పట్టే కాలం ముందు మన ఆయుష్షులు ఏపాటి?

కట్టడాలకు మార్కులు వేసే పద్ధతులు మనకు కొత్త కాదు. బ్రిటన్‌లో బ్రీయమ్ 1990లోనే మొదలైంది. మనకు గృహ (GRIHA) రేటింగు ఉంది, హైదరాబాద్ కేంద్రంగా ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) రేటింగు ఉంది. పైమట్టిని కాపాడటం, కోతను ఆపడం వీటిలోనూ ఉన్నాయి. కానీ బరువంతా కరెంటు, నీళ్లు, గాలి వెలుతురు మీదే. రోడ్లు, వంతెనల కోసం బ్రిటన్ సీక్వల్‌ను, అమెరికా ఎన్విజన్‌ను తయారు చేసుకున్నాయి. జాతర పనులకు కావలసింది ఆ కోవ పద్ధతి, అదీ ఈ నేలకు తగ్గట్టు మార్చుకున్నది.

మార్కులు దేనికి వేయాలి? గీకిన పైమట్టిని విడిగా పోసి, పని అయ్యాక తిరిగి పరిచారా? మొరం ఏ గుట్టను తొలిచి తెచ్చారు, ఎంత దూరం నుంచి? గట్టు జారకుండా ఆపడానికి కాంక్రీటు గోడే కావాలా, కొబ్బరిపీచు చాప పరిచి వట్టివేరు నాటితే చాలదా? ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 8 శాతం సిమెంటుదే కనుక ఇది చిన్న ప్రశ్న కాదు. పక్క జిల్లా చెల్పూరు థర్మల్ కేంద్రంలో బూడిద ఉంది. రోడ్డు కట్టలకు అది వాడితే కొంత మొరం మిగులుతుంది. అయితే వాగుకు దగ్గర్లో వద్దు, బూడిదలోని లోహాలు నీళ్లలో కలుస్తాయి.

నేలకు తగ్గట్టు కట్టడం ములుగు జిల్లాకు కొత్త కాదు. ఇక్కడే రామప్ప గుడి ఉంది. 1213 నాటిది. పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద రాతి కట్టడం లేపారు. విమానానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. పైబరువు తగ్గించడం కూడా పునాది పనేనని కాకతీయుల స్థపతులు ఎరుగుదురు. యునెస్కో గుర్తింపు 2021లో వచ్చిందని సంబరపడ్డాం. ఆ మెలకువ మన టెండరు కాగితాల్లో మాత్రం కనిపించదు.

మేడారం ఏజెన్సీ ప్రాంతం. 1996 పెసా చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. మొరం అందులోదే. కాబట్టి మార్కుల పట్టిక మొదట చూడవలసింది గ్రామసభ. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని తెచ్చే కోయ పెద్దలకు ఏ గట్టు జారుతుందో, వాగు ఎక్కడిదాకా పొంగుతుందో తెలుసు. వాళ్ల మాటకూ పట్టికలో గడి ఉండాలి.

వచ్చే జాతర 2028లో. ఆ పనుల టెండర్లు పిలవకముందే మట్టి పరీక్ష ఫలితాలు, మార్కుల పట్టిక తెలుగులో పంచాయతీ గోడ మీద అతికించండి. మార్కులు చాలని పనికి ఆఖరి బిల్లు ఆపండి.