తాళం పడ్డ బజారు, వాడని ఓటు: ఇంగ్లండ్ పట్టణాల తెలుగువారి స్థాపన ప్రణాళిక

ఇంగ్లండ్ పట్టణాల్లో అద్దెకుంటున్న తెలుగువాళ్లం కొందరం కలిసి ఒక సంఘం పెడుతున్నాం. పేరు ఇంకా పెట్టలేదు, మొదటి సభలో పెట్టుకుందాం. ముందు పనేమిటో తేలాలని ఈ ప్రణాళిక రాసుకున్నాం. మాలో ఐటీ ఉద్యోగాల మీద వచ్చినవాళ్లున్నారు, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసే డాక్టర్లూ నర్సులూ ఉన్నారు, కేర్ హోముల్లో పనిచేసేవాళ్లున్నారు, ఒక్కో గదిలో ఇద్దరు ముగ్గురు సర్దుకుంటున్న విద్యార్థులున్నారు. విద్యార్థులకు మినహాయింపు ఉంది కాబట్టి వాళ్లను పక్కన పెడితే, మిగతా అందరం కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నాం. అయినా కౌన్సిల్‌తో మన పరిచయం ఏ వారం ఏ రంగు చెత్త డబ్బా బయట పెట్టాలన్న దగ్గరే ఆగిపోయింది.

అక్కడ ఆగకూడదని మా వాదన. వీధి చివర తాళం పడ్డ ఇంటి మీద ఎంత పన్ను వేయాలి, నడిబజారులో మూతపడ్డ దుకాణాన్ని ఏం చేయాలి, పట్టణ కేంద్రానికని వచ్చిన డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అన్నవన్నీ కౌన్సిల్ సభలోనే తేలుతున్నాయి. అక్కడ చేతులెత్తే కౌన్సిలర్లను ఎన్నుకునే హక్కు మనకుంది. మనం వాడుకోవడం లేదు.

నడిబజారు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 2009 జనవరికల్లా వూల్‌వర్త్స్ 800 పైచిలుకు దుకాణాలు మూసేసింది. 2016లో బీహెచ్ఎస్ పోయింది, 2021లో డెబెన్‌హామ్స్, 2023లో విల్కో. కొన్నింట్లోకి కొత్తవాళ్లు వచ్చారు, కొన్ని ఇప్పటికీ అద్దాలకు కాగితాలు అంటించుకుని ఉన్నాయి. మనమేమో ఉగాదికి హాలు కావాలని నెలల ముందు నుంచే స్కూళ్ల చుట్టూ తిరుగుతాం. బతుకమ్మ ఆడాలంటే లీజర్ సెంటర్‌కు గంటల లెక్కన అద్దె కట్టాలి. తెలుగు బడి ఈ వారం ఒకరింట్లో, వచ్చే వారం ఇంకొకరింట్లో. అదే ఊళ్లో ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పెద్ద దుకాణం ముందు నుంచే కారు పార్కింగ్ వెతుక్కుంటూ వెళ్తాం. ఇళ్ల లెక్క తీసినా అంతే. ఆరు నెలలకు మించి ఖాళీగా ఉన్న ఇళ్లు ఇంగ్లండ్‌లో రెండున్నర లక్షలకు పైనే. మన పిల్లలు గది దొరక్క ఏజెంట్ల చుట్టూ తిరిగేది ఈ దేశంలోనే.

ఖాళీ ఇళ్ల మీద చట్టం చేతగానిదేమీ కాదు. 2024 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ఏడాది దాటి ఖాళీగా, సామానేమీ లేకుండా ఉన్న ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్‌ను రెట్టింపు చేయవచ్చు. అంతకుముందు రెండేళ్లు ఆగాల్సి వచ్చేది. అయిదేళ్లు దాటితే మూడింతలు, పదేళ్లు దాటితే నాలుగింతలు. 2025 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్ల మీద కూడా రెట్టింపు వేయవచ్చు. ఇక్కడ ‘వేయవచ్చు’ అన్నదే కీలకం. వేయాలా వద్దా, ఎంత వేయాలి అన్నది స్థానిక కౌన్సిల్ ఇష్టం. అమ్మకానికో అద్దెకో పెట్టిన ఇంటికి ఏడాది వరకు మినహాయింపు ఉంది, యజమాని చనిపోయి వారసత్వం తేలాల్సిన ఇంటికీ ఉంది. అది న్యాయమే, దానితో మాకు పేచీ లేదు. మా పేచీ అమ్మకం బోర్డు పాతి, కొనేవాడు ఎవడూ ముట్టుకోలేని ధర రాసి కాలం గడిపేవాళ్లతో. ఇంకొకటుంది. జిల్లా, కౌంటీ అని రెండంచెల పాలన ఉన్నచోట వసూలు చేసేది జిల్లా కౌన్సిల్, సింహభాగం పోయేది కౌంటీకి. కాబట్టి అదనపు పన్ను వేస్తున్నాం అని కౌన్సిలర్ చెబితే అక్కడితో చప్పట్లు కొట్టి లేవకూడదు. అందులో మన ఊరికి మిగిలేదెంత, దాంతో ఎన్ని ఇళ్ల తాళాలు తీయించారు అని అడగాలి.

దుకాణాల దగ్గరికి వస్తే కథ ఇంకా ముదురు. వాటికి కౌన్సిల్ ట్యాక్స్ ఉండదు, బిజినెస్ రేట్స్ ఉంటాయి. ఖాళీ అయిన దుకాణానికి మొదటి మూడు నెలలు రేట్స్ కట్టక్కర్లేదు, గోదాములకూ ఫ్యాక్టరీలకూ ఆరు నెలలు. ఆ తర్వాత 2008 నుంచీ పూర్తిగా కట్టాల్సిందే. మరి ఇంత భారం మోస్తూ యజమాని ఎందుకు ఖాళీగా ఉంచుతాడు? ఒక కారణం లెక్కల పుస్తకంలో ఉంటుంది. పాత అద్దె చూపి ఆ భవనానికి విలువ కట్టించుకుని, దాని మీద బ్యాంకు అప్పు తెచ్చుకున్నవాడు అద్దె తగ్గించి ఇస్తే విలువా తగ్గుతుంది, బ్యాంకూ అడుగుతుంది. అంతకంటే తాళమే నయం. రెండో కారణం, ఆ భారాన్ని దించుకునే దారులు ఉండటం.

ఆ దారుల్లో ప్రసిద్ధమైనది పెట్టెల నాటకం. ఖాళీ భవనంలో కొన్నాళ్లు నాలుగు అట్టపెట్టెలు పేర్చి, మేం వాడుకుంటున్నాం అనాలి. తర్వాత పెట్టెలు తీసేస్తే మళ్లీ కొత్తగా మినహాయింపు మొదలవుతుంది. నునీటన్ అండ్ బెడ్‌వర్త్ కౌన్సిల్ దీని మీద కోర్టుకు పోయింది. గోదాము నేలలో 0.2 శాతం జాగాలో కాగితాల పెట్టెలు పెట్టినా అది వాడకమేనని 2012లో హైకోర్టు తేల్చింది. అంటే వెయ్యి అడుగుల గదిలో రెండడుగులు. ఆ నాటకం అప్పట్లో ఆరు వారాలు ఆడితే చాలు. 2024 ఏప్రిల్ నుంచి 13 వారాలు ఆడాలన్నారు. నాటకం ఆపలేదు, నిడివి పెంచారు. మరో దారిలో యజమాని పైసా ఆస్తి లేని బొమ్మ కంపెనీకి భవనాన్ని లీజుకిచ్చేవాడు, రేట్స్ బాకీ ఆ కంపెనీ నెత్తిన పడేది, తర్వాత ఆ కంపెనీని ఎత్తేసేవాడు. రోసెండేల్, విగన్ కౌన్సిళ్లు దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడాయి. అలాంటి లీజులు ఇచ్చినా అసలు యజమాని బాధ్యత పోకపోవచ్చని, కౌన్సిళ్ల వాదన విచారించదగ్గదేనని 2021లో ఆ కోర్టు చెప్పింది. చిన్న కౌన్సిల్ అయినా పట్టుబడితే ఫలితం ఉంటుందనడానికి మాకు ఈ ఉదాహరణ చాలు.

మూడో దారిలో మనమే చిక్కుకునే ప్రమాదం ఉంది కాబట్టి విడిగా చెబుతున్నాం. ఛారిటీగా రిజిస్టరైన సంస్థ వాడే భవనానికి రేట్స్‌లో 80 శాతం తప్పనిసరి రాయితీ. అందుకని కొందరు యజమానులు ఛారిటీలను పిలిచి, ఎదురు డబ్బిచ్చి మరీ, ఖాళీ భవనాన్ని పేరుకు వాళ్లకు అప్పగిస్తారు. మన సాంస్కృతిక సంఘాల్లోనూ ఛారిటీలుగా రిజిస్టరైనవి ఉన్నాయి. రేపు ఎవరైనా వచ్చి, మీ బ్యానర్ ఒకటి కట్టండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం అంటే, నిజంగా బడి నడుపుకోనిస్తారా అని అడగండి. ఇవ్వనంటే తలుపు చూపించండి. ఈ సంఘం ఎవరి రేట్స్ తగ్గించడానికీ పేరు అరువివ్వదు.

ఇక పట్టణ కేంద్రాలకు వచ్చే డబ్బు. రాలేదని ఎవరూ అనలేరు. 2020 డిసెంబరులో ఫ్యూచర్ హై స్ట్రీట్స్ ఫండ్ కింద 72 ఊళ్లకు దాదాపు 83 కోట్ల పౌండ్లు ప్రకటించారు. అడిగినదంతా దక్కింది 15 ఊళ్లకే. మిగతా 57 ఊళ్లు 69 శాతంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. టౌన్స్ ఫండ్ 360 కోట్ల పౌండ్లది. అందులో 101 ఊళ్లను ఎంచిన తీరు నిష్పక్షపాతంగా లేదని పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీయే తప్పుబట్టింది. తర్వాత 75 ఊళ్లకు పదేళ్ల పాటు తలా 2 కోట్ల పౌండ్లన్నారు. ఏడాదికి 20 లక్షలు. ఒక్కో విడతా దరఖాస్తుల పోటీయో, పైవాళ్ల ఎంపికో. ఊరి అవసరం ఏమిటో ఊరికి తెలుసు, కానీ దాన్ని లండన్ అడిగే ఫారం కొలతకు కత్తిరించుకోవాలి.

డబ్బు ఎలా మునుగుతుందో చూడాలంటే వోకింగ్ చూడండి. 2023 జూన్‌లో ఆ బరో కౌన్సిల్ ఖర్చులకు డబ్బు చాలదని సెక్షన్ 114 నోటీసు ఇచ్చి చేతులెత్తేసింది. ఏడాదికి 1.6 కోట్ల పౌండ్ల స్థాయి సొంత నిధులున్న కౌన్సిల్‌కు తేలిన లోటు 120 కోట్లు. అప్పులో పెద్ద భాగం పట్టణ కేంద్రంలో ఎత్తయిన టవర్లు, హోటలు, దుకాణాలు కట్టడానికి తెచ్చినదే. ఊరిని బాగుచేద్దామన్న ఉద్దేశం మీద మాకు అనుమానం లేదు. కానీ ఆ తర్వాతి ఏడాది తన వంతు కౌన్సిల్ ట్యాక్స్‌ను దాదాపు పది శాతం పెంచుకోవడానికి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ పది శాతం కట్టినవాళ్లలో అద్దెకున్నవాళ్లూ ఉన్నారు. మేడలు ఎవరు కట్టమన్నారని వాళ్లనెవరూ అడగలేదు.

స్టాక్‌టన్ ఆన్ టీస్ ఇంకో దారి పట్టింది. ఊరికి అవసరమైన దానికంటే దుకాణాల జాగా ఎక్కువైందని ఒప్పుకుంది. 2019లో కాజిల్‌గేట్ షాపింగ్ సెంటర్‌ను కౌన్సిలే కొంది, వ్యాపారాలను పక్కనున్న ఇంకో సెంటర్‌కు చేర్చి, పాతదాన్ని కూల్చి, టీస్ నది ఒడ్డున పార్కు పని పెట్టుకుంది. అదే సరైన జవాబని మేం అనం, ప్రతి ఊరికీ నది ఉండదు. కానీ పోయిన దుకాణాలు తిరిగొస్తాయన్న భ్రమను వదిలి లెక్క మొదలుపెట్టినందుకు మాకు నచ్చింది.

కాబట్టి మా కోరికలు ఇవీ. ఏడాది దాటిన ప్రతి ఖాళీ ఇంటి మీదా, చట్టం ఒప్పుకున్నంత మేరకు కౌన్సిల్ అదనపు పన్ను వేయాలి. ఆ అదనపు రాబడిలో ఊరికి దక్కే వాటాను విడి పద్దుగా చూపించి, ఖాళీ ఇళ్లను బాగుచేయించి అద్దెకు తెచ్చే అధికారుల జీతాలకు, మరమ్మతు అప్పులకు వాడాలి. ఊళ్లో ఖాళీగా ఉన్న దుకాణాలు ఎన్ని, ఎప్పటి నుంచి, యజమాని కంపెనీయా మనిషా అన్న జాబితా అందరూ చూసేలా పెట్టాలి. పట్టణ కేంద్రం పేరుతో వచ్చే ప్రతి పౌండులోనూ సలహాదారుల ఫీజు ఎంతో ముందే చెప్పాలి.

అన్నిటికంటే గట్టిగా అడిగేది హై స్ట్రీట్ రెంటల్ ఆక్షన్ గురించి. 2024 డిసెంబరు 2 నుంచి ఈ అధికారం కౌన్సిళ్లకు వచ్చింది. రెండేళ్లలో 365 రోజులకు మించి ఖాళీగా ఉన్న దుకాణాన్ని, యజమాని ఒప్పుకోకపోయినా, ఒకటి నుంచి అయిదేళ్ల లీజుకు వేలం వేయవచ్చు. అందుకు ముందు ఆ వీధిని హై స్ట్రీట్‌గానో పట్టణ కేంద్రంగానో కౌన్సిల్ గుర్తించాలి. వేలంలో తీసుకున్న జాగాను దుకాణంగానే వాడాలని లేదు. సమావేశ మందిరంగా, జనం కూడే హాలుగా వాడుకోవడం కూడా చట్టం రాసిన జాబితాలోనే ఉంది. అంటే తెలుగు బడి, పోలిష్ వాళ్ల శనివారపు బడి, ముసలివాళ్ల భోజనాల క్లబ్బు ఒకే కప్పు కింద వంతులు వేసుకోవచ్చు. మన కౌన్సిల్ ఇంతవరకు ఒక్క వీధినీ గుర్తించకపోతే, ఎందుకు గుర్తించలేదో సభలో సమాధానం చెప్పాలి.

మనకు అడిగే హక్కెక్కడిది అంటారు కొందరు, మనవాళ్లే. ఉంది. కామన్వెల్త్ దేశ పౌరులుగా, ఈ దేశంలో ఉండటానికి అనుమతి ఉన్న భారతీయులు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. వర్క్ వీసా అయినా, స్టూడెంట్ వీసా అయినా. కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు వేయవచ్చు. దానివల్ల వీసాకు ముప్పు లేదు. పోలింగ్ దగ్గర గుర్తింపు కార్డుగా భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఇంకో మాట. వీసా షరతుల కింద మనకు కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు సాయం అందదు, దాన్ని పబ్లిక్ ఫండ్స్ కింద లెక్కేస్తారు. ఉద్యోగం పోయిన నెలలో కూడా పన్ను మొత్తం కట్టాల్సిన మనకు, ఆ పన్ను ఎటు పోతుందో అడిగే అవసరం మిగతావాళ్లకంటే తక్కువ కాదు.

సభలకు ఎవరైనా వెళ్లవచ్చు. పత్రికలనూ ప్రజలనూ లోపలికి రానివ్వాలన్న 1960 నాటి చట్టం కొత్తగా ఎంపీ అయిన మార్గరెట్ థాచర్ పెట్టిన ప్రైవేటు మెంబరు బిల్లు. తర్వాత కౌన్సిళ్లతో ఆవిడ పడ్డ గొడవలు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ తలుపు తీసినందుకు మెచ్చుకోవాల్సిందే. సభ కాగితాలు అయిదు పనిదినాల ముందు బయట పెట్టాలి. ఏటా 30 పనిదినాల పాటు కౌన్సిల్ లెక్కల పుస్తకాలు, బిల్లులు తెరిచి చూడవచ్చు, ఓటరైతే ఆడిటర్‌కు అభ్యంతరం కూడా రాయవచ్చు. మనలో చార్టర్డ్ అకౌంటెంట్లకు కొదవ లేదు, ఆ 30 రోజులకు వాళ్ల శనాదివారాలు కొన్ని మాకు కావాలి.

ఇంకో అభ్యంతరం కాస్త ఘాటైనది. సొంతూళ్లో ప్లాట్లు కొని కంచె వేసి వదిలేసేది మనమే కదా, హైదరాబాదులో ఫ్లాటుకు తాళం వేసి వచ్చేది మనమే కదా, ఇక్కడ నీతులెందుకు అని. నిజమే, అక్కడి మున్సిపాలిటీలు ఖాళీ స్థలాల పన్ను నోటీసు పంపితే మొదట విసుక్కునేది మనవాళ్లే. ఇక్కడ కూడా మాలో కొందరికి అద్దెకిచ్చే ఇళ్లున్నాయి. ఈ సంఘం నియమం ఒకటే. పన్ను ఖాళీతనం మీద, మనిషి మీద కాదు. మన సభ్యుడి ఇల్లు ఏడాది దాటి ఖాళీగా ఉంటే అతని కోసం మినహాయింపు అడిగే ఉత్తరం ఈ సంఘం నుంచి వెళ్లదు.

ఏ పార్టీకీ అనుబంధం కాము, ఏ పార్టీలోనైనా సభ్యులుండవచ్చు. ఆస్తుల వ్యాపారుల నుంచి స్పాన్సర్‌షిప్ తీసుకోము, ఉగాది భోజనాలకైనా సరే. సభ్యత్వానికి రుసుము లేదు. ఓటర్ల జాబితాలో మీ పేరుందని చూపించండి, అదే సభ్యత్వం. పోలింగ్‌కు 12 పనిదినాల ముందు నమోదు గడువు ముగుస్తుంది. కౌన్సిళ్లు వచ్చే ఏడాది పన్నులను మార్చి 11 లోపు ఖరారు చేయాలి కాబట్టి బడ్జెట్ సభలు సాధారణంగా ఫిబ్రవరి చివర్లో ఉంటాయి. మా మొదటి కార్యక్రమం అదే సభ. సందర్శకుల కుర్చీల్లో మొదటి వరుస మనది కావాలి. వచ్చేటప్పుడు మీ వీధిలో ఖాళీగా ఉన్న ఇళ్ల, దుకాణాల నంబర్లు రాసుకుని రండి.