డెడ్‌లైన్ అంటే ఒకప్పుడు నిజమైన గీతే
గడువు అనే అర్థంలో మనం రోజూ వాడే ‘డెడ్‌లైన్’ మాట పుట్టుక తెలిశాక దాన్ని మునుపటంత తేలిగ్గా పలకలేకపోతున్నాను. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్‌లో దక్షిణాది సైన్యం యుద్ధఖైదీల శిబిరం పెట్టింది. దుంగల ప్రహరీకి లోపల, సుమారు 19 అడుగుల దూరంలో, గుంజలు పాతి వాటిమీద సన్నటి కర్రలు బిగించారు. అదే డెడ్‌లైన్. దాన్ని దాటినవాణ్ణి, చెయ్యి చాపి తాకినవాణ్ణి కూడా కాపలావాళ్లు కాల్చేయవచ్చు. అక్కడికి తెచ్చిన దాదాపు 45 వేలమందిలో 13 వేలమంది దాకా చనిపోయారు. తూటాలకన్నా ఆకలి, విరేచనాలు, స్కర్వీ జబ్బే ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నాయి. శిబిరాధికారి హెన్రీ వర్జ్‌ను 1865 నవంబరులో ఉరితీశారు. 1920ల నాటికి ఇదే మాటకు అమెరికా పత్రికాఫీసుల్లో వార్త అందించాల్సిన ఆఖరి సమయం అనే అర్థం స్థిరపడింది. మాట అర్థం మారడాన్ని నేను తప్పుపట్టను, భాష బతికేదే అలా. కానీ కింది ఉద్యోగులను బెదిరించడానికి దాన్ని కొరడాలా ఝళిపించడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. జర్నలిజం తరగతుల్లో ఈ మాట నేర్పే రోజునే ఆండర్సన్‌విల్ ఖైదీల గురించీ చెప్పాలి.