ఋణవిముక్తి యెవరికి?

“వాడు ఐ. పి. పెట్టినాడు” అను మాట వినని చెవి మన యూళ్లలో నుండదు. ఆ రెండక్షరములు ఏ యింగ్లీషు మాటలకు పొట్టిరూపములో తెలియని ముదుసలి సయితము వానిని తిట్టుగా నుపయోగించును. వాస్తవమున నది న్యాయస్థానమునకు పెట్టుకొను దివాలా దరఖాస్తు, అనగా నొక విన్నపము మాత్రమే. కాని మన వాడుకలో నది వంశమునకు మచ్చ, ఆడపిల్ల పెండ్లికి అడ్డంకి. ఇదే క్రియ గొప్ప కంపెనీల విషయమున జరిగినప్పుడు మాత్రము “పరిష్కార ప్రణాళిక” యను శుభనామము ధరించి పత్రికల వర్తకపుటలలో నెక్కుచున్నది. పేర్లలోని భేదమేయైన నేనీ కలము పట్టకపోదును. శాసనమే రెండు నాలుకలతో మాటలాడుచున్నది. న్యాయస్థానమును దానిని సమ్మతించినది.

2016వ సంవత్సరమున పార్లమెంటు దివాలా స్మృతిని నిర్మించెను. అందొక భాగము కంపెనీలకు, మరియొక భాగము వ్యక్తులకును భాగస్వామ్య సంస్థలకును ఉద్దేశింపబడినది. కంపెనీల భాగము ఆ యేటి డిసెంబరుననే యమలులోనికి వచ్చినది. వ్యక్తుల భాగమందు “నూతనారంభ” మను నొక ప్రకరణము గలదు. ఏటికి అరువదివేల రూపాయలు మించని యాదాయము, ఇరువదివేలు మించని యాస్తి, ముప్పదియైదువేలు మించని ఋణము గలిగి, సొంత యిల్లు లేనివాడు దరఖాస్తు పెట్టుకొన్నచో విచారణానంతరము వాని బాకీలు కొట్టివేయవచ్చును. ఇంతకంటె బీదవానికొరకు వ్రాసిన ప్రకరణము మరియొకటి యా గ్రంథమున లేదు. అయితే 2025వ సంవత్సరము గడచువరకును అది కాగితముమీదనే నిలిచియుండెను!

వ్యక్తుల భాగమున నమలులోనికి వచ్చినది యేదనగా, కంపెనీల బాకీలకు జామీనుండినవారికి సంబంధించినంతవరకే. 2019 డిసెంబరు 1వ తేదీనుండి జామీనుదారుని కూడ కంపెనీల న్యాయాధికరణమునకే యీడ్వవచ్చును. తక్కిన చేనేతవాడును, చిల్లరకొట్టువాడును, కౌలురైతును ఎక్కడికి పోవలయును? 1920వ సంవత్సరమున తెల్లదొరల ప్రభుత్వము చేసిన ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ ఆక్టు క్రింద జిల్లా కోర్టు మెట్లెక్కవలసినదే. దానియందు దరఖాస్తుకు కావలసిన కనీస ఋణము అయిదువందల రూపాయలని యింకను వ్రాసియున్నది. నూరేండ్ల నాటి యా సంఖ్యను దిద్దుటకైనను ఎవరికిని తీరికలేకపోయినది.

ఈ పాక్షిక ప్రవేశమును గూర్చియే లలిత్ కుమార్ జైన్ వ్యాజ్యము సుప్రీముకోర్టు నెక్కినది. వ్యక్తులలో నొక్క తెగను మాత్రమెంచి శాసనము నమలుపరచు నధికారము ప్రభుత్వమునకు లేదని జామీనుదారులు వాదించిరి. 2021 మే 21వ తేదీన కోర్టు వారి వాదమును త్రోసిపుచ్చెను. జామీనుదారులు తప్పించుకొనలేదని నాకు విచారము లేదు. వేయికోట్లు తెచ్చి, కంపెనీని ముంచి, తాను మాత్రము మేడలో కూర్చుండు యజమానిపై నాకు జాలి యెందులకు? నా యాక్షేపణ వేరొకటి. పట్టుకొను చేయిని ముందు చాచి, లేవనెత్తు చేయిని వెనుక కట్టుకొన్న ప్రభుత్వమును చూచి, ధర్మాసనము “ఇది క్రమక్రమముగ నమలుపరచుటయే” యని యంగీకరించినది. ఆ క్రమములో రెండవ యడుగెప్పుడు వేయుదురని ప్రభుత్వము నడుగు సందర్భము అప్పుడు చేజారినది. బీదవాడు ఆ వ్యాజ్యములో కక్షిదారుడు కాడు గదా. వాని పక్షమున నెవరడుగుదురు?

ఇక కంపెనీల సంగతి చూడుడు. ఈ స్మృతి క్రింద దేశమున మొట్టమొదట పరిష్కారము నొందిన కంపెనీ మన విశాఖపట్టణపు సినర్జీస్ డూరే. 2017 ఆగస్టులో హైదరాబాదు న్యాయాధికరణము దాని ప్రణాళికను ఆమోదించెను. సుమారు 972 కోట్ల బాకీకి అప్పులవారికి దక్కినది దాదాపు 54 కోట్లు; అనగా నూటికి ఆరురూపాయలకు లోపు. తక్కిన తొంబదినాలుగును “క్షౌరము” అని ఋణదాతల పరిభాషలో అందురట. ఆ మాటలోని హాస్యము వారికి తెలిసియే యుండును. ఎస్సార్ స్టీల్ వ్యాజ్యమున 2019 నవంబరు 15వ తేదీన సుప్రీముకోర్టు, ఎంత వదలుకొనవలయునో ఋణదాతల సంఘముయొక్క వ్యాపార వివేకమునకే విడువవలెననియు, న్యాయమూర్తులు తమ లెక్కను దానిపై రుద్దరాదనియు తీర్పుచెప్పెను. ఆ సంఘమున కూర్చుండువారు ముఖ్యముగా బ్యాంకులవారు. కంపెనీకి సరకు పంపిన చిన్న వర్తకునికిని, జీతము రావలసిన కార్మికునికిని అందు వోటు లేదు. 2021 ఏప్రిలులో ఘనశ్యామ్ మిశ్రా తీర్పు మరియొక మెట్టెక్కినది: ప్రణాళిక యామోదము పొందిన పిమ్మట, అందు చేరని పాతబాకీ యేదియు, ప్రభుత్వపు పన్ను సయితము, మిగులదు. పలక తుడిచినట్లే. కొనువాడు పాత పాపములను మోయడు.

ఇది తప్పని నేననను. పరిశ్రమ మూతపడుటకంటె చేతులు మారుట మేలు. వందలమంది కూలివాండ్ర పొయ్యి వెలుగును. కాని కంపెనీకి పలక తుడుచు న్యాయము మనుష్యునియెడ నేల బలపమును గట్టిగా నొక్కుచున్నది? ప్రాణములేని కల్పితవ్యక్తికి పునర్జన్మ మున్నదట. ప్రాణముగల నేతగానికి లేదట!

మన యిండ్లకు మరింత చేరువైన విషయమొకటి చెప్పెదను. యాజ్ఞవల్క్యుడు జామీనును మూడు విధములుగా విభజించెను: మనిషిని హాజరుపరచుటకు, నమ్మకము చెప్పుటకు, సొమ్ము చెల్లించుటకు. మొదటి రెంటియందు జామీనుదారుడు మరణించినచో భారము కొడుకులకు లేదు, మూడవదానియందు కలదు. అనగా “ఈతడు మంచివాడు” అని చెప్పుటకును, “ఈతడియ్యకున్న నేనిత్తును” అని చెప్పుటకును గల యంతరమును ఆ ప్రాచీనుడు గుర్తించెను. తండ్రి యప్పును కొడుకు తీర్చుట పుణ్యకార్యమను విధిని 2005వ సంవత్సరపు హిందూ వారసత్వ సవరణ తొలగించినది, మంచిపని చేసినది. కాని 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము జామీనుదారుని బాధ్యత అసలు బాకీదారుని బాధ్యతతో సమానము. ఇంటి యజమాని కంపెనీ పెట్టి, భార్యను పేరునకు డైరెక్టరును చేసి, వంటయింటినుండి పిలిచి బ్యాంకి కాగితములపై వ్రాలు పెట్టించుట మనలో నెంత సామాన్యము! ఆమె చదివిన డిగ్రీ గోడకు వ్రేలాడుచుండును. ఆ కాగితము మాత్రము ఆమె చదువదు. పైని చెప్పిన 2021 తీర్పు ప్రకారము కంపెనీ ప్రణాళిక యామోదము పొందినంతమాత్రమున జామీను తొలగిపోదు. కంపెనీ క్రొత్త యజమానుని చేతిలో కళకళలాడుచుండగా, ఈమె యిల్లు వేలమునకు వచ్చును. 2023 నవంబరు 9వ తేదీని దిలీప్ జివరాజ్కా వ్యాజ్యమున కోర్టు ఆ విధానమునంతను మరల స్థిరపరచెను. మా యుపాధ్యాయులలోను సహకార సంఘపు టప్పులకు ఒకరికొకరు జామీనులిచ్చుకొను నాచారము గలదు. ఇతరుని కూతురి పెండ్లి యప్పు తన జీతములో కోతపడుట నెరిగినవారు మాలో పలువురు.

బీదవాని బాకీ కొట్టివేసినచో ఋణభయము నశించి, మోసగాండ్రు పెరుగుదురని పెద్దలందురు. చిట్టీలు కట్టించుకొని, ఆస్తి బావమరది పేర వ్రాసి, ఐ. పి. పెట్టు ఘనులను వారు చూపుదురు. ఆ ఘనులందరు వాడుకొనుచున్నది పాత శాసనమునే! మోసముగా చేసిన బదలాయింపులను రద్దుచేయు నధికారము పాత చట్టమునందును గలదు, క్రొత్తదానియందును గలదు. పైగా ముప్పదియైదువేలు మించని ఋణమున కెవడు బినామీలను వెదకును? ఋణభయమందురా, 1980లో జాలీ జార్జి వర్గీసు వ్యాజ్యమున జస్టిస్ కృష్ణయ్యరు, దురుద్దేశము లేని నిర్ధనుని బాకీకై చెరసాలకు పంపరాదని తీర్పిచ్చెను. దానివలన దేశమున ఋణవ్యాపార మేమైన నాగినదా?

తీర్పులు తారుమారైనపుడు పెద్దవారి మొర యెంత శీఘ్రముగ వినబడునో కూడ 2025లో చూచితిమి. భూషణ్ పవర్ అండ్ స్టీలు కంపెనీని జె. ఎస్. డబ్ల్యు. వారు కొన్న ప్రణాళిక చెల్లదనియు, కంపెనీని పరిసమాప్తి చేయవలసినదనియు మే 2వ తేదీన సుప్రీముకోర్టు చెప్పెను. జూలై 31న ఆ తీర్పును తానే వెనుకకు తీసికొనెను. సెప్టెంబరు 26న ఆ ప్రణాళికనే స్థిరపరచెను. అయిదు నెలలు నిండకమునుపే పొరపాటు దిద్దబడినది. నడచుచున్న కర్మాగారమును మూయింపకుండుట న్యాయమే. అదే సంవత్సరమున వ్యక్తుల భాగము తొమ్మిదవ యేడు గడుపుచుండెను. దానిని నూటనలుబదికోట్ల జనులలో నెవరును మొరపెట్టుకొనక కాదు. మొరపెట్టుకొన దగినవానికి వకీలు ఫీజే ముప్పదియైదువేలు దాటును గనుక. ఆ ప్రకరణము నమలుపరచుటకు క్రొత్త శాసనమక్కరలేదు, గెజెట్టులో నొక ప్రకటన చాలును. 2016 నాటి యా మొత్తములు నేటి ధరలకు చాలవు గనుక, ప్రకటించునాడే వానిని పెంచవలయును కూడ.