జ్వరం నడిచే దారులు

గత వర్షాకాలంలో మన టౌన్‌షిప్ క్వార్టర్లలో ఒక సహోద్యోగి కుమార్తెకు డెంగీ జ్వరం సోకింది. చిగుళ్ళ నుంచి రక్తం రావడంతో ఆ బాలికను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆ వారం రోజులూ ఇరుగుపొరుగు వారు ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. తమ పిల్లలను అటువైపు ఆడుకోనివ్వలేదు. పాప కోలుకొని తిరిగి వచ్చిన తరువాత కూడా పలకరించడానికి వెళ్ళినవారు తక్కువే. కొద్ది రోజులకు దోమల నివారణ సిబ్బంది ఆ వరుసలోని ఇళ్ళను పరిశీలించారు. తలుపులు మూసుకున్న ఇళ్ళ పెరళ్ళలోని సిమెంటు తొట్లలోనే తోకపురుగులు కనిపించాయి.

ఎవరినీ నొప్పించాలని ఈ సంగతి ప్రస్తావించడం లేదు. ఆ తల్లిదండ్రుల స్థానంలో ఉంటే మనమూ బహుశా అలాగే ప్రవర్తించి ఉండేవారం. డెంగీ ఒకరిని తాకడం వల్ల మరొకరికి రాదు. రోగిని కుట్టిన ఏడిస్ దోమ మరొకరిని కుట్టినప్పుడు వస్తుంది. భయపడి మూసిన తలుపు ఒకటి, జ్వరం వచ్చే దారి మరొకటి. ఈ నెల మన శీర్షికలో ఆ దారుల గురించి ముచ్చటించుకుందాం.

డెంగీ తీవ్రరూపం, ఎబోలా, మార్‌బర్గ్, లాసా, క్యాసనూర్ అటవీ జ్వరం, క్రిమియన్-కాంగో జ్వరం మొదలైనవాటిని వైద్యశాస్త్రం ‘వైరల్ రక్తస్రావ జ్వరాలు’ అని ఒకచోట చేర్చింది. వీటిని కలిగించే వైరస్‌లు వేర్వేరు కుటుంబాలకు చెందినవి. అయినా శరీరంలో అవి చేసే హాని ఒకే తీరుగా ఉంటుంది. మొదట తీవ్రమైన జ్వరం, ఒళ్ళునొప్పులు, నీరసం వస్తాయి. ఆపై సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడి, వాటిలోని ద్రవం బయటికి ఊరుతుంది. రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది. పేరులో రక్తస్రావం ఉన్నప్పటికీ రోగులందరికీ రక్తం కారదు. రక్తపోటు పడిపోయి, అవయవాలు పనిచేయకపోవడమే చాలామంది ప్రాణాలు తీస్తుంది.

ఈ వైరస్‌లు మనిషిని చేరే దారులు ముఖ్యంగా నాలుగు: దోమ, పిడుదు, ఎలుక జాతి జంతువుల మలమూత్రాలు, రోగి శరీర ద్రవాలు. కొన్ని జ్వరాలకు ఒకే దారి ఉంటుంది, మరికొన్నింటికి రెండు. ఏ జ్వరానికి ఏది దారో తెలియనప్పుడు ఏమి జరుగుతుందో, తెలిసిన తరువాత ఏమి జరిగిందో చరిత్రలోని కొన్ని ఘట్టాలు చెబుతాయి.

అడవిలో రాలిన కోతులు

1957లో నాటి మైసూరు రాష్ట్రంలోని షిమోగా జిల్లా, క్యాసనూర్ అడవిలో కొండముచ్చులు, కోతులు పెద్దసంఖ్యలో చనిపోయాయి. కట్టెల కోసం, పశువులను మేపడం కోసం అడవికి వెళ్ళినవారు జ్వరంతో మంచం పట్టారు. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు హుటాహుటిన అక్కడికి చేరుకున్నారు. భారతదేశంలో ఎన్నడూ లేని పచ్చజ్వరం ప్రవేశించిందేమోనన్న ఆందోళన వారిది. పరీక్షలలో బయటపడినది అంతవరకు లోకానికి తెలియని వైరస్. దానికి ఆ అడవి పేరే పెట్టారు. స్థానికులు మాత్రం ‘మంగన కాయిలె’, అనగా కోతి జబ్బు, అని పిలుచుకున్నారు.

నిజానికి ఈ జబ్బును మనిషికి అంటించేది పిడుదు. కోతి చనిపోగానే దాని ఒంటిమీది పిడుదులు నేలమీదికి దిగుతాయి. ఆ కళేబరం పడిన చోటు కొంతకాలం ప్రమాదకరమవుతుంది. కంటికి సరిగా కనిపించని పిల్ల పిడుదులు అటుగా వెళ్ళిన మనుషులను పట్టుకుంటాయి. రోగి నుంచి మరొక మనిషికి ఈ జ్వరం సోకదు. కనుక రోగిని వెలివేయడం వల్ల ప్రయోజనం లేదు, కోతులను తరిమికొట్టడం వల్ల అంతకన్నా లేదు. చనిపోయిన కోతిని ముట్టకుండా అధికారులకు తెలపాలి. అడవికి వెళ్ళేవారు ఒళ్ళు కప్పే దుస్తులు ధరించి, పిడుదులను దరిచేరనీయని తైలం రాసుకోవాలి. తిరిగి వచ్చాక ఒళ్ళంతా చూసుకొని స్నానం చేయాలి. ఈ జ్వరానికి దశాబ్దాలపాటు వాడిన టీకాను తగినంత ఫలితం లేనందున 2022లో నిలిపివేశారు. ఒకప్పుడు కర్ణాటకకే పరిమితమైన ఈ జ్వరం 2012 తరువాత కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలోనూ కనిపించింది. అందువల్ల ఈ చిన్న జాగ్రత్తలకు విలువ పెరిగింది.

సేవ చేసిన చేతులు

2011 జనవరిలో గుజరాత్‌లోని అహ్మదాబాద్ సమీపాన ఒక గ్రామీణ మహిళ తీవ్రమైన జ్వరంతో మరణించింది. కొద్ది రోజులలోనే ఆమెకు చికిత్స చేసిన వైద్యుడు, పరిచర్య చేసిన నర్సు కూడా మరణించారు. అది క్రిమియన్-కాంగో జ్వరమని పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. మన దేశంలో ఈ వ్యాధి మనుషులలో నిర్ధారణ కావడం అదే ప్రథమం.

ఈ జ్వరానికి దారులు రెండు. పశువులను పట్టే పిడుదు మొదటిది. రోగి లేదా వ్యాధి సోకిన పశువు రక్తం రెండవది. మొదటి దారిన వచ్చిన వైరస్ రెండవ దారిన ఆసుపత్రిలోకి ప్రవేశించింది. పశువుల చెవులలోని పిడుదులను పీకి, గోటితో నలిపివేసే అలవాటు మన పల్లెలలో నేటికీ ఉంది. సెలవులకు స్వగ్రామాలకు వెళ్ళే మన ఉద్యోగ మిత్రులు ఈ ఒక్క విషయాన్ని ఇంటి పెద్దలకు చెప్పినా మేలు చేసినవారవుతారు.

సేవ చేసినవారే బలికావడం ఈ జ్వరాల చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. 1976లో నాటి జైర్ దేశంలోని యాంబుకు గ్రామంలో ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. అక్కడ రోజుకు అయిదు సిరంజీలు, అయిదు సూదులు ఇచ్చేవారు. ఒక రోగికీ మరొక రోగికీ నడుమ వాటిని గోరువెచ్చని నీటిలో కడిగి, అవే వాడేవారు. మలేరియా అనుకొని సూది వేయించుకున్న ఒక ఉపాధ్యాయుడు మొదటి రోగులలో ఒకరు. ఆ ప్రాంతంలో 318 మందికి వ్యాధి సోకగా, 280 మంది మరణించారు. ఆసుపత్రి సిబ్బంది 17 మందిలో 11 మంది మృతి చెందారు. ఆ ఆసుపత్రి మూతపడిన తరువాతనే వ్యాధి తగ్గుముఖం పట్టింది. దగ్గరలోని ఒక నది పేరు మీద ఆ వైరస్‌కు ఎబోలా అన్న పేరు వచ్చింది.

అదే ఏడాది నేటి దక్షిణ సూడాన్‌లోని న్జారా పట్టణంలో ఎబోలా తొలిగా కనిపించినది ఒక పత్తి కర్మాగారం కార్మికులలో. అక్కడి నుంచి మారిడి ఆసుపత్రికి పాకి, ఆ సిబ్బందిలో దాదాపు మూడోవంతు మందికి సోకింది. వైద్యులకు, నర్సులకు దయ కొరవడలేదు. కొరవడినవి చేతి తొడుగులు, శుభ్రమైన సూదులు, దారిని గురించిన ఎరుక.

ఒక కార్మిక టౌన్‌షిప్ అనుభవం

2013 డిసెంబరులో గినీ దేశంలో మొదలై లైబీరియా, సియెర్రా లియోన్‌లకు పాకిన ఎబోలా 28,600 మందికి పైగా సోకింది. 11,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. మృతులలో వైద్య సిబ్బందే 500 మందికి పైగా ఉన్నారు. మృతదేహాన్ని ఆత్మీయులు స్వయంగా కడిగి, తాకి సాగనంపడం అక్కడి ఆచారం. వైరస్ అధికంగా ఉండేది ఆ దేహంలోనే. మొదట అధికారులు దేహాలను తీసుకుపోతుంటే ప్రజలు రోగులను దాచారు. మతపెద్దలను కలుపుకొని, బంధువులు కొద్ది దూరంలో నిలిచి ప్రార్థన చేసుకునే వీలు కల్పించి, గౌరవంగా ఖననం జరిపించినప్పుడు ఆ దారి మూసుకుపోసాగింది.

ఆ చీకటిలో మనవంటి వారికి ప్రత్యేకంగా పాఠం చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. లైబీరియాలోని ఫైర్‌స్టోన్ రబ్బరు తోటలో ఉద్యోగులు, వారి కుటుంబాలు కలిపి 2014లో దాదాపు 80,000 మంది నివసించేవారు. వారికి సంస్థ ఆసుపత్రి ఉంది. 2014 మార్చి చివరన ఒక ఉద్యోగి భార్యకు ఎబోలా సోకింది. ఆమెను చేర్చుకునే చోటు మరెక్కడా దొరకలేదు. సంస్థ సిబ్బంది ప్రత్యేక చికిత్సా విభాగాన్ని తామే హుటాహుటిన ఏర్పాటు చేసుకున్నారు. కర్మాగారంలో రసాయనాలు ఒలికినప్పుడు ధరించే రక్షణ దుస్తులు వైద్య సిబ్బందికి ఉపయోగపడ్డాయి. ఆమె మరణించింది. కాని ఆమెకు పరిచర్య చేసినవారిని, కుటుంబసభ్యులను వేరుగా ఉంచి, 21 రోజులపాటు గమనించారు. ఎబోలా లక్షణాలు బయటపడడానికి పట్టే గరిష్ఠ కాలం అదే. ఆ విడత వ్యాధి ఆమెతోనే ఆగింది. ఆగస్టులో బయటి నుంచి మరల ప్రవేశించినప్పుడు కూడా ఇదే పద్ధతిని విస్తరించి, అదుపు చేయగలిగారు. కోలుకున్నవారిని వాడలలోకి ఘనంగా స్వాగతించి, వారిని తాకవచ్చునని అందరి ఎదుటా చూపించారు.

జైర్ జాతి ఎబోలాకు నేడు టీకా ఉంది. అయితే ఆ సంస్థ నెగ్గిన నాటికి అది అందుబాటులోకి రాలేదు. క్రమశిక్షణతోనే వారు నెగ్గారు.

మనం చేయవలసినవి

మన భద్రతా విభాగం ఏ ప్రమాదాన్నైనా ఒకే ప్రశ్నతో పరిశీలిస్తుంది: ‘ఇది ఏ దారిన వచ్చింది?’ జ్వరం విషయంలోనూ ఆ ప్రశ్నే వేసుకుందాం.

మన ప్రాంతంలో ఏటా ఎదురయ్యేది డెంగీ కనుక ముందుగా దాని సంగతి. ఈ దోమ పగటిపూట కుడుతుంది, నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది. వారానికి ఒక రోజు తొట్లను, కూలర్లను, పూలకుండీల పళ్ళేలను ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టాలి. తుక్కు యార్డులోని పాత టైర్లు, డ్రమ్ములు మూతలేకుండా వానకు పడి ఉండరాదు. జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు సొంతంగా వేసుకోరాదు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజులే డెంగీలో ఎక్కువ ప్రమాదకరమైనవి. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, రక్తస్రావం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు.

ప్రథమ చికిత్స పెట్టెలలో చేతి తొడుగులు ఉన్నవో లేవో ప్రతి విభాగం నెలకొకసారి చూసుకోవాలి. గాయపడినది ఎంతటి ఆప్తుడైనా రక్తాన్ని వట్టి చేతులతో తాకరాదు. సూది వేసే ముందు ‘కొత్తదేనా?’ అని అడగడం అమర్యాద కాదు. విదేశాలకు విధి నిర్వహణకై వెళ్ళి, వచ్చాక జ్వరపడినవారు తమ ప్రయాణ వివరాలను వైద్యునికి మొదటి మాటలోనే చెప్పాలి. ఆ ఒక్క మాట ఒక నర్సు ప్రాణాన్ని కాపాడవచ్చు.

మొన్న ఆ బాలిక తండ్రిని మేము కలిశాం. తన కుమార్తె తిరిగి బడికి వెళుతున్నదనీ, చక్కగా ఉన్నదనీ చెప్పారు. “అప్పుడు ఎవరూ రాలేదన్న బాధ మాత్రం అమ్మాయికి ఇంకా పోలేదండీ” అన్నారు. ఈ వానలు మొదలుకాకమునుపే మనం మన పెరటి తొట్లను ఖాళీ చేద్దాం. ఆ వరుసలోని మిత్రులు ఏదో ఒక సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్ళి రావాలని కోరుతున్నాం.