గమకం పలకదని గడప దాటనివ్వరా?

మా తిరుపతిలో ఒక మిత్రుని మనవరాలు పియానో ప్రధానాంశంగా పట్టా చదువుతానన్నది. "గమకం పలకని పెట్టెకు విశ్వవిద్యాలయమెందుకు?" అని పెద్దలొకరు తీర్పు చెప్పారు. ఆ తీర్పు నాకు సమ్మతం కాదు.

గమకం పలకదన్న మాట నిజమే. మెట్టు నొక్కితే లోపలి సుత్తి తీగను తాకుతుంది. పలికిన స్వరం జారదు, ఊగదు. పియానోమీద తోడిని వెదకడం వృథా. అయితే తోడి పలకనిదల్లా విద్యే కాదనడం ఏ శాస్త్రం? ఆంగ్లానికి అరసున్న లేదని ఆంగ్లశాఖను మూయమన్న తెలుగు పండితుణ్ణి నేనెన్నడూ చూడలేదు.

ఫిడేలు మన ఇంట పుట్టిందా? దొరల వాద్యాన్ని బాలుస్వామి దీక్షితులు మన కచేరీకి తెచ్చారు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు దొరల బాణీలకే సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు రచించారు. 1959లో దేవస్థానంవారు స్థాపించిన ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ పాఠ్యాంశమే.

ఇదే నేరం మోపి 1940లో ఆలిండియా రేడియో హార్మోనియానికి వాకిలి మూసింది. 1971లో గానీ ఆ గడియ కొంతైనా సడలలేదు. ఆ ముప్పై యేళ్లూ మన పౌరాణిక నాటకాల పద్యాలు ఆ పెట్టె శ్రుతిమీదనే తెల్లవార్లూ మోగాయి!

వీణను లేపి పియానోను కూర్చోబెట్టమనడం లేదు; పక్కన మరొక పీట వేయమంటున్నాను. రెండు చేతులా రెండు స్వరపంక్తులను ఒక్కసారిగా నడపడం, పాశ్చాత్య స్వరలిపి చదవడం, స్వరమేళనం - ఇవన్నీ గురుముఖాన నేర్వవలసినవే.

2008లో రెహమాన్ చెన్నైలో స్థాపించిన కె.ఎం. సంగీత విద్యాలయంలో పియానో నేర్పుతున్నారు. కాని ఆడపిల్లను పొరుగు రాష్ట్రానికి పంపలేమని ఇంటివారంటున్నారు. ఇక్కడ మనం తలుపు మూస్తే ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? పెద్దలే సెలవివ్వాలి.