కొండదారిలో సైకిలు

జమ్మలమడుగు నుండి గండికోటకు సుమారు 15 కిలోమీటర్ల దూరము. కారులో పోవువానికి అది అరగంటకు మించని ప్రయాణము. కోట చూచి, పెన్న లోయ అంచున నిలిచి, ఛాయాచిత్రము తీసికొని మరలిపోవుటకు ఒక పూట చాలును. ఆ దారినే సైకిలుపై పోవువానికి మాత్రము కోటకంటె ముందు చూడవలసినవి అనేకములు కలవు. నేల ఎచట నల్లరేగడిని విడిచి రాతిగుట్టగా మారుచున్నదో, దారి ఎచట మెల్లగా పైకెత్తుకొనుచున్నదో అతనికి కంటికంటె ముందు కాలికి తెలియును. కన్ను కొద్దిపాటి వాలును గుర్తింపజాలదు. తొక్కుచున్న కాలు దానిని దాచనీయదు. కడప జిల్లాలోని బాలబాలికలలో ఎందరు తమ ఊరి చుట్టునున్న కొండలను ఈ విధముగా ఎరుగుదురన్నది ఉపాధ్యాయులు ఆలోచింపదగిన ప్రశ్న.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలను కలుపుచు గీత గీచినచో ఒక త్రికోణమేర్పడును. మొదటి రెండును పెన్నానది చెంత, నల్లరేగడి భూముల నడుమ వెలసినవి. పత్తి, వస్త్రములు, బంగారముల వర్తకమునకు ప్రొద్దుటూరు పేరుపడినది. జమ్మలమడుగునకు పడమట ఎఱ్ఱమల కొండలు కనబడును. పులివెందుల దక్షిణమున వేరొక కొండవరుసకు చేరువగా, వేరుశనగ చేల, అరటి, చీనీ తోటల సీమలో ఉన్నది. జమ్మలమడుగు నుండి ముద్దనూరు మీదుగా పులివెందులకును, అచటినుండి వేంపల్లె వైపునకును, పార్నపల్లె వద్దనున్న చిత్రావతి జలాశయము వైపునకును దారులు కలవు. పెద్ద రహదారులను విడిచి పల్లెదారులు పట్టినచో, ఉదయపు బస్సు పోయిన తరువాత గొఱ్ఱెలమందల అలికిడి తప్ప వేరు సందడి అరుదు. ఇవి మహోన్నత పర్వతములు కావు. కనుకనే పదునాలుగేండ్ల బాలునకును బాలికకును అందుబాటులోనున్న కొండలైనవి.

ఈ కొండలు సామాన్యమైనవని తలచుట మాత్రము పొరపాటు. భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాశ్రేణులను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. నేటి భూగర్భశాస్త్రజ్ఞులు వేంపల్లె, పులివెందుల, గండికోట అను మాటలను ఊళ్ళ పేర్లుగా గాక శిలల పేర్లుగా వాడుచున్నారు. పులివెందుల పరిసరములలో పాతపొరల నడుమ చొరబడి గడ్డకట్టిన నల్లని అగ్నిశిల కలదు. దాని వయస్సు సుమారు 189 కోట్ల సంవత్సరములని లెక్క తేలినది. చొరబడిన దాని కంటె చొరనిచ్చినది పాతది కావలెను గదా! అనగా ఆ ప్రక్క పొరలు అంతకంటెను ప్రాచీనములు. వేంపల్లె సున్నపురాతిలో కోసిన ఉల్లిగడ్డను పోలిన వలయములు అక్కడక్కడ కనబడును. అవి ఆదికాలపు నిస్సారమైన సముద్రజలములలో పెరిగిన సూక్ష్మజీవుల చాపలు రాయిగా మారిన గుర్తులు. తుమ్మలపల్లె యురేనియము ఈ వేంపల్లె శిలలలోనిదే. ఇక పెన్నానది కర్ణాటకమందలి నందికొండలలో పుట్టి, ఉత్తరముగా ప్రవహించి, తూర్పునకు తిరిగి, చుట్టి పోవుటకు మారుగా గండికోట కొండను అడ్డముగా చీల్చుకొని వచ్చినది. ఎనిమిదవ తరగతి పుస్తకములో ఒక పంక్తిగానున్న ‘నదీక్షయము’ ఇచట వందల అడుగుల లోతున కంటి యెదుట నున్నది. ఇండ్ల పైకప్పుగాను, చేలకు కంచెగాను నిలిచిన నాపబండలు సైతము పాఠములే. దిగి, తాకి చూచుటకు వీలైన వేగముతో పోవువానికే ఆ పాఠములు దొరకును.

వేగమును గూర్చి చెప్పవలసినది మరికొంత కలదు. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే 1652లో మీర్ జుమ్లాను కలసికొనుటకు గండికోటకు వచ్చెను. కోటకెక్కు దారి యెంత యిరుకో, ఒక ప్రక్క లోయ యెంత భయంకరమో అతడు వ్రాసిపెట్టినాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి బయలుదేరి కడప మీదుగా కాశీకి పోయినప్పుడు, ఏ మజిలీలో నీరు మంచిదో, ఏ ఊర అంగళ్ళు కలవో, ఏ దారి గులకరాళ్ళతో నిండినదో తన యాత్రాచరిత్రలో దినదినమును గుర్తించెను. వారి పరిశీలనకు వారి మేధాశక్తి ఎంత కారణమో, పల్లకీబోయీల నడకయు అంతే కారణము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవువాడు ఎంత మేధావియైనను బావి నీటి రుచిని వ్రాయజాలడు. సైకిలు నడకకంటె మూడింతలు వేగముగా పోవును. అయినను తలచినచోట కాలు క్రింద మోపి నిలువవచ్చును.

కొండ యెక్కుట కష్టము కాదా యని కొందరు అడుగవచ్చును. కష్టమే. గేర్లు లేని బరువైన సైకిలుతో మరింత కష్టము. ఫ్రాన్సు దేశమున సెయింట్ ఎతియెన్ నగరములో ‘వెలోసియో’ యను కలము పేరుగల పాల్ ద వీవీ అను పట్టువర్తకుడుండెను. వస్త్రవర్తకులకు నిలయమైన ప్రొద్దుటూరు వారికి అతడు సజాతీయుడు. పట్టు వ్యాపారమునుండి సైకిళ్ళ వైపు మరలి, కొండలెక్కుటకు అనేక గేర్లు కావలెనని తన పత్రిక ద్వారా యేండ్లతరబడి వాదించెను. ఫ్రాన్సును చుట్టివచ్చు ప్రఖ్యాత పందెము 1910లో పిరెనీస్ పర్వతములలోని గొప్ప కనుమలకు ఎక్కినది. గొలుసును ఒక పళ్ళచక్రమునుండి మరియొకదానికి మార్చు సాధనమును ఆ పందెగాండ్రకు అనుమతించినది మాత్రము 1937లో. గేర్లు బలహీనులకు గాని వీరులకు తగవన్న అభిమానము అంతకాలము అడ్డుపడినది! ఇట్టి అభిమానము ఇచటి విద్యార్థులకు అంటకుండుగాక. మిట్టవద్ద దిగి సైకిలును తోసికొనిపోవుట లోపము కాదు.

భౌతికశాస్త్రము బోధించువారికి ఆ మిట్టయే ప్రయోగశాల. పిల్లవాడు, సైకిలు, సంచి కలిసి 70 కిలోలనుకొందము. రెండు కిలోమీటర్ల దారిలో 100 మీటర్ల ఎత్తు ఎక్కినచో గురుత్వాకర్షణకు ఎదురుగా చేసిన పని 68,600 జౌళ్ళు. గంటకు 10 కిలోమీటర్ల చొప్పున 12 నిమిషములు పట్టును గనుక సామర్థ్యము సుమారు 95 వాట్లు. గాలి, రాపిడి దీనికి వేరు. ఒక పాతకాలపు విద్యుద్దీపము వెలుగుటకు ఎంత శ్రమ కావలెనో ఆ పండ్రెండు నిమిషములలో తెలిసినంతగా నల్లబల్లపై తెలియదు.

1949లో మద్రాసు చెంత అంబత్తూరులో సైకిళ్ళ కర్మాగారము వెలసినది. ఆ తరువాత కొన్ని దశాబ్దములు సైకిలు బడిపంతులుకు, పాలవానికి, తపాలా బంట్రోతుకు గౌరవవాహనము. చిన్న పట్టణములలో గంటల లెక్కన అద్దెకు దొరికెడిది; లైసెన్సు బిళ్ళ లేనిదే పురవీథులలో తిరుగరాదన్న నిబంధనయు అనేక పట్టణములలో ఉండెను. పిదప మోటారు సైకిలు వచ్చి దానిని పేదరికపు గుర్తుగా మార్చినది. చిత్రమేమనగా, నగరములలో లక్షరూపాయల సైకిలు నేడు సంపదకు గుర్తు! ఈ రెండు గుర్తుల నడుమ నలిగినది పల్లెటూరి విద్యార్థి.

అందులోను విద్యార్థిని. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నతపాఠశాలలో చేరిన బాలికలకు సైకిళ్ళిచ్చు పథకము ప్రారంభించినది. దాని ఫలితమును పరిశీలించి కార్తిక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిన పత్రము ప్రకారము, తగిన వయస్సులో మాధ్యమిక విద్యలో చేరిన బాలికల సంఖ్య 32 శాతము పెరిగినది. బాలురకును బాలికలకును గల అంతరము 40 శాతము తగ్గినది. తమిళనాట పుదుక్కోట్టైలో 1990 తరువాతి అక్షరాస్యతా ఉద్యమమున వేలకొలది స్త్రీలు చదువుతోపాటు సైకిలు తొక్కుట నేర్చిరి. ఆంధ్రప్రదేశ్‌లోను ‘బడికొస్తా’ పేరిట ప్రభుత్వపాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచబడినవి. అయితే బడికి పోవుటకు పనికివచ్చిన సైకిలు మరెక్కడికిని పోరాదన్న నియమము ఎచటినుండి వచ్చినది? అన్న గండికోటకు పోవచ్చును, చెల్లెలు పోరాదు. చదువు ముగియగనే ఆమె సైకిలు గోడకు చేరగిలబడును. బాలికకు సైకిలునిచ్చి దారిని ఇయ్యకపోవుట సగము దానము.

తల్లిదండ్రుల భయము నిరాధారము కాదు. ఎఱ్ఱగుంట్ల ప్రాంతమున సిమెంటు కర్మాగారములు, ముద్దనూరు చెంత తాప విద్యుత్కేంద్రము, ఊరూర నాపరాతి గనులు కలవు. లారీలు తిరుగక తప్పదు. తారుదారి అంచు ప్రక్కనేలకంటె జానెడు ఎత్తున తెగియుండుట పల్లెలలో సాధారణము. వెనుకనుండి లారీ కూత విన్న సైకిలువాడు దిగజాలడు, దిగినచో పడును. దారికి మరియొక పూత వేసినప్పుడెల్ల ఆ అంచునకు మట్టి నింపి చదును చేయుటకు అయ్యెడి వ్యయము ఏపాటిది? మలుపులవద్ద తుమ్మకంపను నరికించుట పంచాయతీల చేతిలోని పని. కొన్ని దారులు మరొక విధముగ అంతరించినవి. గండికోట జలాశయము నిండినప్పుడు 2020లో తాళ్ళప్రొద్దుటూరు ముంపునకు గురియైనది. ఆ ఊరికి పోయెడి పాతదారి నీటిలో మునిగినది. మిగిలిన నిశ్శబ్దపు దారులనైన గుర్తించి పటము గీయుట ఒక తరగతి విద్యార్థులు ఒక శీతకాలములో చేయగల పని. ఏ మిట్ట ఎంత నిడివి, ఎచట నీరు, ఎచట నీడ, ఏ గంటకు లారీలు తక్కువ అను వివరములతో అట్టి పటము వీరాస్వామయ్య దినచర్యకు తోబుట్టువు కాగలదు.

ఈ సీమకు వేసవి వెఱ్ఱియెండలది. ఏప్రిలు, మే నెలలలో పిల్లలను దారిపట్టించుట తగదు. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు అనుకూలము. తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరకముందే చేరుట మేలు. తలకొక నీళ్ళసీసా, గుంపునకొక గాలిపంపు, అతుకులు, జిగురు తప్పవు. పల్లేరుకాయలకు, సర్కారుతుమ్మ ముళ్ళకు ఏ టైరును అడ్డు కాదు. ఒక ఉపాధ్యాయుడు ముందు, ఒక ఉపాధ్యాయిని వెనుక ఉండవలెను. దిగుదారిలో రెండు బ్రేకులను కలిపి, కొద్దికొద్దిగా వేయుట బయలుదేరుటకు ముందే నేర్పవలెను. వెనుకదీపము లేని సైకిళ్ళున్నచో సాయంకాలము నాలుగు గంటలకే తిరుగుముఖము పట్టవలెను.