పాలకుల మీద ప్రజల నిఘా

ప్రభుత్వానికి మన మీద నిఘా ఉంటది. ఏ విద్యార్థి ఏ సభకు పోయిండో, ఏ ఉద్యోగి ఏ ధర్నాలో కూర్చున్నడో వాళ్ల దగ్గర ఫైలు ఉంటది. మరి ప్రభుత్వం మీద ప్రజల దగ్గర ఉన్న ఫైలు ఏది? ఎక్కడుంది?

ఈ ప్రశ్న విలువ మనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? 610 జీవో 1985 డిసెంబర్ 30న వచ్చింది. స్థానికేతర ఉద్యోగులను 1986 మార్చి 31 నాటికి వాళ్ల సొంత జోన్లకు పంపాలన్నది. గడువు పోయింది, ప్రభుత్వాలు పోయినయి, లెక్కలు మాత్రం బీరువాల్లోనే ఉన్నయి. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేస్తే గానీ ఉల్లంఘనల జాబితా తేలలేదు. జీవో లేక మనం నష్టపోలేదు. జీవో అమలైందో లేదో రోజూ చూసే కన్ను లేక నష్టపోయినం.

2014లో రాష్ట్రం వచ్చింది. దాచే అలవాటు పోయిందా? జారీ అయిన జీవోలను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2021 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోల వెబ్‌సైట్‌లో పెట్టడమే ఆపేసింది. ప్రభుత్వం మారినాక 2024లో గానీ అది మళ్లీ తెరుచుకోలేదు. సరిహద్దుకు ఆవల, ఈవల పాలకుల బుద్ధి ఒక్కటే!

ప్రపంచం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. అమెరికా కాంగ్రెస్‌లో ఏ బిల్లుకు ఎవరు ఓటేసిండ్రో చూపే గవ్‌ట్రాక్‌ను 2004లో జాషువా టౌబరర్ అనే యువకుడు మొదలుపెట్టిండు. అదే ఏడు బ్రిటన్‌లో కొందరు వాలంటీర్లు తమ ఎంపీల మాటలు, ఓట్లు జనం ముందు పెట్టిండ్రు. అక్కడే 2008లో సమాచార హక్కు దరఖాస్తును, దానికి వచ్చిన జవాబును అందరికీ కనిపించేటట్టు పెట్టే వెబ్‌సైట్ వచ్చింది. దాని సాఫ్ట్‌వేర్ అలవెతెలిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇయ్యాల ఎన్నో దేశాలు వాడుకుంటున్నయి. మన దేశంలో రాజస్థాన్ ప్రజలు 1990ల నుంచి జన్ సున్వాయిల్లో పనుల పద్దులు చదివించి కొట్లాడితే, 2019లో అక్కడ జన్ సూచనా పోర్టల్ వచ్చింది. రేషన్, ఉపాధి పని లెక్కలు అడగకుండానే కనిపిస్తున్నయి.

అయితే వెబ్‌సైట్ కట్టుడు ఒక ఎత్తు, కాపాడుడు ఒక ఎత్తు. ఇక్కడ ప్రమాదం ఎవరికి? కాగితం బయటపెట్టిన గుమస్తాకు. పేరు పొక్కితే ఆయన నెత్తిన సస్పెన్షన్ ఆర్డర్ పడ్తది. అందుకే కంప్యూటర్ చదువుకున్న మన విద్యార్థులకు మేము కొన్ని మాటలు చెప్పదలుచుకున్నం.

సమాచారం ఇచ్చేవారి ఫోన్ నంబర్, ఐపీ అడ్రస్ అసలే దాచిపెట్టొద్దు. మన దగ్గర లేనిదాన్ని ఏ పోలీసూ పట్టుకపోలేడు. పత్రాలు తీసుకునే యంత్రం వేరు, జనం చూసే వెబ్‌సైట్ వేరుగా ఉండాలె. ఆరన్ స్వార్ట్జ్ రాసిన ప్రోగ్రాం నుంచి పుట్టిన సెక్యూర్‌డ్రాప్ పద్ధతి ఇదే. ఆయన 2013 జనవరిలో చనిపోయిండు, ఆయన పని మాత్రం పత్రికల ఆఫీసుల్లో బతికే ఉంది. ఫొటోలో, ఫైలులో దాగి ఉండే తేదీ, పరికరం, పేరు తుడిచినాకనే ప్రచురించాలె. ప్రతి పత్రానికి హ్యాష్ అనే వేలిముద్ర తీసి బహిరంగంగా పెట్టాలె. తర్వాత ఒక్క అక్షరం మార్చినా ఆ ముద్ర మారిపోతది, దొంగ దొరుకుతడు. నకళ్లు నాలుగు చోట్ల ఉండాలె. ఒక్కడి చేతిలోనే తాళం ఉండొద్దు, ఇద్దరు ఒప్పుకుంటేనే ఏదైనా తీసేసే వీలుండాలె. కోడ్ అందరికీ తెరిచి పెట్టాలె. నూటికి నూరు పాళ్లు భద్రమని చెప్పేవాణ్ని మాత్రం నమ్మొద్దు.

ఇంకొక జాగ్రత్త. నిఘా పాలకుల మీద, పేదోళ్ల మీద కాదు. పింఛను తీసుకునే అవ్వ ఆధార్ నంబర్ బయటపెడితే అది పారదర్శకత కాదు, ద్రోహం. కానీ ఇదే సాకుతో 2023 నాటి డేటా రక్షణ చట్టంలో సమాచార హక్కు చట్టం 8(1)(జె) సెక్షన్‌ను మార్చిండ్రు. వ్యక్తిగతం అనే ఒక్క మాటతో అధికారుల లెక్కలు కూడా మూసిపెట్టే దారి తెరిచిండ్రు. అవ్వ వివరం దాచాలె, అధికారి సంతకం చూపాలె. ఈ తేడా తెలిసినోళ్లే ఈ పనికి అర్హులు.

ఉద్యోగులకు ఏ ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసు. విద్యార్థులకు ప్రోగ్రాం రాయడం తెలుసు. ఈ రెండు చేతులు కలిస్తే చాలు. ముందు ఒక్క జిల్లా, ఒక్క శాఖ, ఒక్క ఏడాది జీవోలతో మొదలుపెడదాం. వచ్చినయెన్ని, అమలైనయెన్ని, అటకెక్కినయెన్ని? లెక్క మన చేతిలో ఉంటే ఇంకో 610 కోసం ఇంకో తరం కొట్లాడాల్సిన పని ఉండదు.